పరమాణువులు వరుసలెందుకు కట్టాయి?

ఒకే రకం ఆవేశం ఉన్న రెండు వస్తువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బడిలో నేర్చుకున్న ఈ ఒక్క ముక్క చేతిలో పెట్టుకుని ఒక ప్రయోగాన్ని ఊహించండి. చదునైన పలక మీద ధనావేశం ఉన్న పరమాణువులను పలచగా చల్లాం. ఏమవుతుంది? ఏ రెండూ దగ్గర పడకుండా, పలకంతా సమంగా సర్దుకుంటాయి. తూర్పు నుంచి చూసినా ఉత్తరం నుంచి చూసినా అమరిక ఒకేలా ఉంటుంది. అలాగే ఉండాలని మనకు అనిపిస్తుంది.

2019లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్ నగరంలో, రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో కనిపించింది మాత్రం వేరు. బ్రయాన్ కిరాలీ, అలెగ్జాండర్ ఖజెటూరియన్స్, వారి సహచరులు నల్ల భాస్వరం అనే స్ఫటికం మీద పొటాషియం పరమాణువులను చల్లి, స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్‌తో చూశారు. పొటాషియం తన బయటి ఎలక్ట్రాన్‌ను కిందనున్న స్ఫటికానికి ఇచ్చేసి ధనావేశంతో మిగులుతుంది. అలా మిగిలిన పరమాణువులు వరుసలుగా కూడి ఉన్నాయి. వరుసల దిక్కు స్థిరం, వాటి ఎడమూ స్థిరం.

తోసుకునేవి వరుస కట్టడమేమిటి? కట్టినా, ఆ ఒక్క దిక్కునే ఎందుకు? ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పొటాషియం గుండ్రంగా ఉంటుంది, దానికి సొంతంగా ఏ దిక్కూ ఉండదు. అంటే దిక్కు చెప్పింది కిందనున్న స్ఫటికమే. ఎలా చెప్పిందన్నదే ఈ వ్యాసంలోని సంగతి.

అసలు ఏమిటీ నల్ల భాస్వరం?

అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే ముదురు రంగు పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరం. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాంట్ మూత్రాన్ని మరిగించి మరిగించి తీసింది తెల్ల భాస్వరం; గాలి తగిలితే అంటుకునే ప్రమాదకరమైన పదార్థం. మూడో అన్న నల్లవాడు చాలా ఆలస్యంగా దొరికాడు. 1914లో అమెరికా శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ తెల్ల భాస్వరాన్ని సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వాతావరణ పీడనానికి దాదాపు పన్నెండు వేల రెట్ల ఒత్తిడిలో నొక్కినప్పుడు అది నల్లని స్ఫటికంగా మారింది. తర్వాత వంద ఏళ్ళ పాటు దీన్ని పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే. 2014లో చైనాలోని ఫుడాన్, అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయాల బృందాలు దాని పలచని పొరలతో ట్రాన్సిస్టర్లు చేసి చూపాక ప్రపంచమంతా అటు తిరిగింది.

దీని నిర్మాణం అరలు అరలుగా ఉంటుంది. పొరకీ పొరకీ మధ్య బంధం ఎంత బలహీనమంటే, అంటుకునే టేపు వేసి లాగితే పొరలు లేచి వస్తాయి. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ కూడా ఇలాంటిదే. కానీ గ్రాఫైట్ పొర చదును. భాస్వరానికి బయటి కక్ష్యలో ఐదు ఎలక్ట్రాన్లుంటాయి. మూడు పొరుగు పరమాణువులతో బంధాలకు పోగా రెండు జంటగా మిగిలిపోతాయి. ఆ జంటకు చోటు కావాలి. అందుకని బంధాలు ఒకే తలంలో పరుచుకోలేక పైకీ కిందకీ వంగుతాయి. పొర మొత్తం దున్నిన పొలంలా తయారవుతుంది: గట్టు, చాలు, మళ్ళీ గట్టు, మళ్ళీ చాలు. చాలు వెంట ఉన్న దిక్కును జిగ్‌జాగ్ అంటారు. చాళ్ళకు అడ్డంగా ఉన్న దిక్కును ఆర్మ్‌చెయిర్ అంటారు, పక్క నుంచి చూస్తే గీత చేతుల కుర్చీ ఆకారంలో కనిపిస్తుంది కనుక. ఒకే అమరిక మళ్ళీ రావడానికి చాలు వెంట 0.33 నానోమీటర్లు, అడ్డంగా 0.44 నానోమీటర్లు నడవాలి. (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు.)

ఇప్పుడు మీరు ఊహించేది నాకు తెలుసు. ఎలక్ట్రాన్లు చాలు వెంట సులువుగా పోతాయి, అడ్డంగా గట్లు దాటలేక ఇబ్బంది పడతాయి. కాబట్టి పొటాషియం వరుసలకు కారణం అదే. ఈ ఊహ సరిగ్గా తలకిందులు. ఎందుకో చూసే ముందు మరుగు సంగతి తెలియాలి.

ఆవేశం మరుగున పడటమంటే ఏమిటి?

లీటరు నీళ్ళలో ఆరు గ్రాముల ఉప్పు కలపండి. నీటిలో సోడియం అయాన్లు ధనావేశంతో, క్లోరైడ్ అయాన్లు ఋణావేశంతో తిరుగుతుంటాయి. ఒక సోడియం అయాన్ దగ్గర నిలబడి చూస్తే చుట్టూ క్లోరైడ్లు సగటున కాస్త ఎక్కువగా మూగి ఉంటాయి. కొంచెం దూరం వెళ్ళి వెనక్కి చూస్తే సోడియం ఆవేశమూ, చుట్టూ మూగినవాటి ఆవేశమూ కలిసి సున్నా. అక్కడ అయాన్ ఉన్నట్టే తెలియదు. ఈ ఉప్పునీళ్ళలో ఆ మరుగు దూరం సుమారు ఒక నానోమీటరు. 1923లో డెబై, హుకెల్ అనే ఇద్దరు ఈ లెక్క కట్టారు. భౌతికశాస్త్రంలో దీన్ని స్క్రీనింగ్ అంటారు. తెర కట్టడం అనుకోండి.

లోహంలో తెర కట్టేవి ఎలక్ట్రాన్లు. రాగి లాంటి లోహంలో అవి ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, పరాయి ఆవేశం ఒక పరమాణువు వెడల్పు దూరం పోయేలోపే మరుగున పడుతుంది. అర్ధవాహకంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు చాలా తక్కువ. తెర పలచన. ఆవేశం ప్రభావం చాలా దూరం పాకుతుంది.

నల్ల భాస్వరం అర్ధవాహకమే. అయితే దాని మీద పొటాషియం చల్లినప్పుడు ఒక మెలిక వస్తుంది. పొటాషియం ఇచ్చిన ఎలక్ట్రాన్లు స్ఫటికం లోతుకు పారిపోలేవు. పైన మిగిలిన ధనావేశం వాటిని పట్టి ఉంచుతుంది. ఉపరితలానికి కాస్త కిందే, పలచని పొరలో, పక్కలకు మాత్రం స్వేచ్ఛగా తిరుగుతూ ఉండిపోతాయి. అది రెండు కొలతల ఎలక్ట్రాన్ల మడుగు. లోతు లేదు, వైశాల్యం ఉంది. ఇలాంటి పలచని మడుగు తెర కట్టడంలో నేర్పు తక్కువది. ఆవేశం నుంచి బయల్దేరిన క్షేత్ర రేఖలు మడుగు పైన ఉన్న శూన్యం గుండా వంగి పోగలవు, అక్కడ అడ్డుకునేవాళ్ళు లేరు. లోహం లోపల ప్రభావం చటుక్కున ఆగిపోతే, ఇక్కడ నెమ్మదిగా తగ్గుతూ చాలా దూరం మిగులుతుంది. పొటాషియం పరమాణువులు ఒకదాని ఉనికిని ఒకటి దూరం నుంచే పసిగట్టడానికి ఇదే అవకాశం.

మరి దిక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

స్ఫటికం లోపల ఎలక్ట్రాన్ ఒంటరిగా పరుగెత్తదు. ప్రతి అడుగులోనూ పరమాణువుల వరుసలు దాన్ని లాగుతూ తోస్తూ ఉంటాయి. ఆ లాగుడు తోపులన్నిటినీ కలిపి ఒక్క అంకెలో చెబుతారు, ప్రభావక ద్రవ్యరాశి అని. నల్ల భాస్వరంలో ఎలక్ట్రాన్ చాలు వెంట పోతే బయట శూన్యంలోని ఎలక్ట్రాన్ అంత బరువుగా ప్రవర్తిస్తుంది. చాళ్ళకు అడ్డంగా పోతే దానిలో పన్నెండో వంతు బరువే, సుమారు 0.08 వంతు. గట్లు దాటుతూ పోయే దిక్కులోనే దాని పరుగు తేలిక.

ఎందుకిలా? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. కాస్త ఓపిక పట్టండి.

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లకు రెండు అంతస్తులుంటాయి. కింది అంతస్తు నిండి ఉంటుంది, పై అంతస్తు ఖాళీ. మధ్యలో ఎవరూ ఉండకూడని ఖాళీ. నల్ల భాస్వరంలో అది సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు, చాలా చిన్నది. అంతస్తులు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, ఎలక్ట్రాన్ కదలిక పై స్థితినీ కింది స్థితినీ కాస్త కలిపితే, అవి ఒకదాన్నొకటి నెట్టుకుని బాగా వంగుతాయి. వంపు ఎంత ఎక్కువైతే ప్రభావక ద్రవ్యరాశి అంత తక్కువ. కనుక ప్రశ్న ఇది: ఏ దిక్కు కదలిక ఆ రెంటినీ కలపగలదు?

జవాబు అద్దంలో ఉంది. చాలుకు నిలువుగా ఒక అద్దం నిలబెట్టండి. అద్దంలో పొలం మారదు. చాలు అటు ఎంతో ఇటూ అంతే. అంతస్తుల అంచుల్లో ఉన్న రెండు ఎలక్ట్రాన్ స్థితులూ ఈ అద్దంలో గుర్తు మారకుండా అలాగే కనిపిస్తాయి. కానీ చాలు వెంట కదిలే కదలిక అద్దంలో ఎదురు తిరుగుతుంది. మారని రెండు స్థితులను, తిరగబడే కదలిక కలపలేదు. అద్దం ఇటు కలిపింది అంటే అటు విడదీసింది అనాలి, రెండూ నిజం కావాలంటే కలయిక విలువ సున్నాయే. చాళ్ళకు అడ్డంగా పోయే కదలికను ఈ అద్దం ముట్టుకోదు. కనుక ఆ దిక్కులో కలయికకు అడ్డు లేదు, అంతస్తులు నెట్టుకుంటాయి, ఎలక్ట్రాన్ తేలికవుతుంది. గట్టు ఎత్తు, చాలు లోతు ఎలక్ట్రాన్‌కు లెక్కలో లేవు. సౌష్ఠవం ఒక్కటే లెక్క. ఇదే కారణంగా నల్ల భాస్వరం పరారుణ కాంతిని కూడా దిక్కు చూసి మింగుతుంది. అంతస్తుల ఖాళీకి సరిపడే కాంతి, చాళ్ళకు అడ్డంగా కంపిస్తే లోపలికి పోతుంది, చాలు వెంట కంపిస్తే పెద్దగా పట్టదు.

ఇలా సౌష్ఠవాన్ని పట్టుకుని, స్ఫటికంలో ఏ గుణం ఏ దిక్కున ఉండవచ్చో, ఎక్కడ సున్నా కావాలో ముందే తేల్చే విద్య తెలుగునేల మీద బలంగా పండిందని ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి భౌతిక సమస్యలకు గ్రూపు సిద్ధాంతాన్ని అన్వయించే పుస్తకం రాస్తే, 1948లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని ప్రచురించింది. పై పేరాలోని అద్దం వాదన ఆ సంప్రదాయంలోనిదే.

దిక్కు దొరికింది. కానీ తెరలోకి అది ఎలా దిగింది?

ఇక్కడ తొందరపడితే తప్పులో కాలేస్తాం. బరువు రెండు దిక్కుల్లో వేరు కాబట్టి తెర కూడా రెండు దిక్కుల్లో వేరుగా ఉంటుందని సూటిగా అనలేం. చాలా దూరం నుంచి చూసినప్పుడు, రెండు కొలతల మడుగు ఎంత గట్టిగా తెర కడుతుందనేది ఒక్క సంఖ్య మీద ఆధారపడుతుంది: ఎలక్ట్రాన్లు నిలబడటానికి ఎన్ని చోట్లున్నాయి. ఆ సంఖ్యలోకి రెండు బరువులూ కలిసిపోయి వెళతాయి, విడివిడిగా కనబడవు. కనుక సరళమైన లెక్కలో దూరపు తెర గుండ్రమే. దిక్కు దాక్కుని ఉన్నది మరో చోట, తెర అంచుల్లోని అలల్లో.

వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. వేళ్ళ సందు నుంచి జారే పిండి ధార ఎంత లావుంటే గీత అంత లావే వస్తుంది. అంతకన్నా సన్నటి గీత ఆ ధారతో సాధ్యం కాదు. ఎలక్ట్రాన్ల మడుగుకీ అలాంటి ఒక హద్దుంది. ఎలక్ట్రాన్ అలే కనుక, మడుగులో నిండి ఉన్న ఎలక్ట్రాన్లలో అతి చురుకైనదాని తరంగదైర్ఘ్యంలో సగాన్ని మించి సన్నని వివరాన్ని మడుగు సరిగా గీయలేదు. పొటాషియం ఆవేశమేమో ఒక చుక్క. చుక్క మీద సరిగ్గా అంతే ఆవేశాన్ని కప్పాలని మడుగు ప్రయత్నిస్తుంది. ధార లావు కాబట్టి ఒకచోట కాస్త ఎక్కువ పడుతుంది, దాని పక్కన తక్కువ, ఆ పక్కన మళ్ళీ ఎక్కువ. చుట్టూ అలలు మిగిలిపోతాయి. 1950లలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ ఫ్రీడెల్ ఈ అలలను లెక్కలో పట్టుకున్నాడు, ఆయన పేరే వాటికి నిలిచింది. 1993లో ఐబీఎం ప్రయోగశాలలో క్రోమీ, లుట్జ్, ఐగ్లర్ రాగి ఉపరితలం మీద ఇలాంటి ఎలక్ట్రాన్ అలలను నేరుగా బొమ్మ తీశారు.

రాగి మీద అలలు గుండ్రటి వలయాలు. చెరువులో రాయి వేసినట్టు. నల్ల భాస్వరం మీద ముగ్గు ధార ఒక దిక్కున లావు, మరో దిక్కున సన్నం. బరువైన దిక్కులో, అంటే చాలు వెంట, తరంగదైర్ఘ్యం చిన్నది. తేలిక దిక్కులో పెద్దది. వలయాలు సాగిపోయి కోడిగుడ్డు ఆకారం దాలుస్తాయి. ఎంత సాగుతాయి? బరువుల నిష్పత్తి పన్నెండున్నర. దాని వర్గమూలం సుమారు మూడున్నర. తేలిక దిక్కున అల, బరువు దిక్కున అలకన్నా మూడున్నర రెట్లు పొడుగన్నమాట.

ఇప్పుడు రెండో పొటాషియం పరమాణువు వచ్చిందనుకోండి. మొదటి పరమాణువు చుట్టూ అలల గుంటలూ గట్లూ పరుచుకుని ఉన్నాయి. అలలో ఎలక్ట్రాన్లు ఎక్కువ మూగిన చోటు ధనావేశానికి సుఖమైన గుంట. అక్కడ కూర్చుంటుంది. తోపుడు పోలేదు, కానీ తోపుడులో ఒక దూరం దగ్గర చిన్న విరామం దొరికింది. మూడోది వచ్చినప్పుడు మొదటి రెండింటి అలలూ కలిసిన చోటు వెతుక్కుంటుంది. వలయాలు గుండ్రమైతే అన్ని దిక్కులూ సమానం కనుక ఏ వైపైనా పోవచ్చు. కోడిగుడ్డు వలయాలైతే అన్ని దిక్కుల గుంటలూ ఒకే లోతులో ఉండవు. మంచి గుంట ఉన్న వైపు మళ్ళీ మళ్ళీ అదే వస్తుంది. వరుస కట్టడం అంటే ఇదే.

పోలికకు ఇంకో ప్రయోగం ఉంది. 2004లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో వెండి ఉపరితలం మీద సీరియం పరమాణువులను మహా చలిలో ఉంచితే, అవి సుమారు 3.2 నానోమీటర్ల ఎడంతో ఆరు మూలల అమరికలో సర్దుకున్నాయి. అక్కడా తెర అలలే అమర్చాయి. కానీ వెండి మీద ఎలక్ట్రాన్లకు దిక్కుల తేడా లేదు, కనుక వరుసలు రాలేదు, ఆరు వైపులా సమానమైన పూవు వచ్చింది. ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుంటే నైమేగన్ ఫలితం బలం తెలుస్తుంది.

బొమ్మ చూసి బలాన్ని ఎలా లెక్కగట్టారు?

మైక్రోస్కోప్ చూపేది పరమాణువుల స్థానాలను, వాటి మధ్య బలాలను కాదు. అయితే వందల జంటలు చేతిలో ఉంటే బలాన్ని వెనక్కి లాగవచ్చు. ప్రతి జంటకూ ఎంత దూరం, ఏ దిక్కు అని రాసుకుంటూ పోవాలి. గుప్పెడు బియ్యం నేల మీద విసిరినట్టు పరమాణువులు ఇష్టం వచ్చినట్టు పడి ఉంటే ఫలానా దూరంలో ఫలానా దిక్కులో ఇన్ని జంటలు రావాలని ముందే చెప్పగలం. అంతకన్నా ఎక్కువ జంటలు కనిపించిన చోటు పరమాణువులకు నచ్చిన చోటు, తక్కువ కనిపించినది నచ్చని చోటు. ఎంత నచ్చింది అన్నదాన్ని శక్తిలోకి మార్చే సూత్రం బోల్ట్‌జ్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త ఇచ్చి పోయాడు. అలా తీసిన సగటు శక్తి చిత్రం, ఉపరితలం కింద చిక్కుకున్న రెండు కొలతల మడుగు కట్టే తెరకు సరిపోయింది. మడుగు నిజంగా ఉందా అన్న అనుమానం మిగలకుండా, కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి తన్నించి, అవి వెళ్ళే కోణాన్నీ శక్తినీ కొలిచే పద్ధతితోనూ చూశారు. మడుగు ఉంది.

ఇక్కడ చురుకైన పాఠకుడు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. పొటాషియం చాలు వెంట జారడం సులువు కాబట్టి జారి వరుసైందేమో, అలలూ తెరలూ ఎందుకు? న్యాయమైన సందేహం. జారడం సులువైతే పరమాణువులు ఆ దిక్కున త్వరగా కదులుతాయి, అంతే. ఎక్కడ ఆగాలో అది చెప్పదు. వరుసలో ఒక నిర్ణీత ఎడం నిలిచిందంటే, ఆ ఎడం దగ్గర శక్తి తక్కువని అర్థం. వేగం వేరు, గమ్యం వేరు.

ఈ పనిలో కష్టం మరొకటి. నల్ల భాస్వరానికి గాలీ తేమా పడవు, పైపొర పాడైపోతుంది. అందుకే గాలి తీసేసిన గదిలోనే పొరను చీల్చి, అక్కడే పొటాషియం చల్లి, గడ్డకట్టే చలిలో చూడాలి. అంత జాగ్రత్తకు ఫలం దక్కింది. అదే బృందం తర్వాత పొటాషియానికి బదులు కోబాల్ట్ పరమాణువులను ఇదే స్ఫటికం మీద పెట్టింది. ఒక్కో కోబాల్ట్‌కు రెండు స్థితులు, అది వాటి మధ్య ఊగుతుంది. స్ఫటికానికున్న దిక్కుల తేడాను వాడుకుని, కొన్ని పరమాణువులను నాడీకణాల్లా, కొన్నిటిని వాటి మధ్య సంధుల్లా పని చేయించి, 2021లో పరమాణువులతోనే నేర్చుకునే చిన్న యంత్రాన్ని చూపారు.

వరుసల దగ్గరకే తిరిగి వస్తాను, ఒక చిన్న లెక్క మిగిలి ఉంది. చదరపు సెంటీమీటరుకు పది లక్షల కోట్ల పొటాషియం పరమాణువులు చల్లామనుకుందాం. వినడానికి చాలా, నిజానికి పలచన. పది చదరపు నానోమీటర్లకు ఒకటి, సగటు ఎడం సుమారు 3.2 నానోమీటర్లు. ఒక్కోటి ఒక్కో ఎలక్ట్రాన్ ఇచ్చిందనుకుంటే, పై బరువులతో అలల నిడివి చాలు వెంట సుమారు 2.1 నానోమీటర్లు, అడ్డంగా సుమారు 7.5. పరమాణువుల సగటు ఎడం ఈ రెండింటి మధ్యలో పడింది. ఇప్పుడు పొటాషియాన్ని రెట్టింపు చేయండి. పరమాణువుల ఎడం తగ్గుతుంది. మడుగులో ఎలక్ట్రాన్లు కూడా రెట్టింపవుతాయి కనుక అలల నిడివీ సరిగ్గా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఎన్ని చల్లినా సగటు ఎడం ఆ రెండు అలల నడుమే ఉంటుంది, ఎందుకంటే తమను అమర్చే మడుగును నింపుతున్నవీ ఆ పరమాణువులే.